గుట్ట పట్టుకుపోయిన ఆర్డిస్

ఆర్డిస్ వోయాన్ గురించి చెప్పమంటే మంచి మాటలే చెప్పాలి. చెబుతాను. కాకపోతే ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను, తర్వాత ఎవరూ నన్ను పట్టుకుని దులపకుండా. ఆవిడంటే నాకు కుళ్ళు. ఒక రోజో రెండు రోజులో కాదు, ఒక చలికాలమంతా ఆ కుళ్ళుతోనే కాఫీ తాగాను, ఆ కుళ్ళుతోనే పడుకున్నాను.

నా పేరు హార్లన్ బ్రెక్కె. మాది విస్కాన్సిన్‌లో పాడి ఊళ్ళ జిల్లా. జిల్లా రోడ్ల షెడ్డులో ఇరవయ్యేడేళ్ళుగా బండి తోలుతున్నాను. వేసవిలో రోడ్డు పక్క గడ్డి కోస్తాను, చలికాలం మంచు తోసి ఉప్పు చల్లుతాను. ఆ ఇరవయ్యేడేళ్ళూ క్రీమరీ గుట్ట నాదే. నాలుగు మలుపులు తిరుగుతూ దిగే రోడ్డు, కింద చీజ్ ఫ్యాక్టరీ, దాన్నానుకుని వాగు మీద వంతెన. చుట్టుపక్కల పాల ట్యాంకర్లన్నీ ఆ గుట్ట దిగాల్సిందే, స్కూలు బస్సులన్నీ ఎక్కాల్సిందే. నా హయాంలో ఒక్క బస్సు కూడా కాలవలోకి జారలేదు. పెట్రోలు బంకులో కాఫీ దగ్గర జనం దాన్ని "హార్లన్ గుట్ట" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే నాకు ఇంకో డోనట్ తిన్నంత హాయిగా ఉండేది.

ఆర్డిస్ మా షెడ్డుకి వచ్చి నాలుగేళ్ళు. నాకంటే ఐదారేళ్ళు చిన్న, యాభై దాటింది. నలభై ఆవులున్న ఇంట్లో పుట్టి, తొమ్మిదో ఏటి నుంచే బడికి వెళ్ళేముందు పాలు పితికిన మనిషి. తండ్రి ఆవుల్ని అమ్మేశాక పాల ట్యాంకరెక్కింది. పందొమ్మిదేళ్ళు పాడి ఇళ్ళు తిరిగి పాలు కొలిచి, వాసన చూసి, ట్యాంకులోకి ఎక్కించి ఫ్యాక్టరీలో దింపేది. ఆవిడ ముక్కుకి జిల్లా అంతా భయపడేది. ఒకసారి సొంత మేనమామ పాలే వాసన తేడాగా ఉన్నాయని ఎక్కించకుండా వెళ్ళిపోయింది. ఆయన రెండేళ్ళు మాట్లాడలేదు. "మాట్లాడకపోతే పోయె, చీజ్ బాగుంది కదా!" అనేది. పాడి ఇళ్ళు ఒక్కొక్కటే మూతబడి, ఇరవై రెండు ఆగే చోట్లు కాస్తా ఆరయ్యాయి. అప్పుడు మా దగ్గరికొచ్చింది. మంచు తోసే పలకని వంతెన అతుకు దగ్గర ఎలా కాస్త ఎత్తి పట్టాలో ఆవిడకి నేర్పింది నేనే. అందుకే ఎక్కువ మండింది.

ఆ ఆగస్టులో జిల్లా వాళ్ళు ఉప్పునీళ్ళు చల్లే బండి ఒకటి కొనాలనుకున్నారు. మంచు పడ్డాక పొడి ఉప్పు పోయడం కాదు, పడకముందే పొడి రోడ్డు మీద చిక్కటి ఉప్పునీళ్ళు చల్లిపెడితే మంచు రోడ్డుకి అంటుకోదట, పలకతో తోస్తే పెచ్చులా లేచొస్తుందట. చీజ్ ఊరబెట్టిన ఉప్పునీళ్ళు ఫ్యాక్టరీ వాళ్ళు ఎలాగూ పారబోస్తున్నారు, అవి పట్టుకొస్తే సగం పని అయిపోయినట్టే. మూడు కంపెనీల వాళ్ళు మూడు బళ్ళు తెచ్చి మా షెడ్డు ముందు మామూలు నీళ్ళతో ఆడించి చూపించారు. మా పైవాడు రోలాండ్ డ్యూఫెక్, "తోలేది మీరే కాబట్టి మీరే చూసి చెప్పండ్రా" అన్నాడు. ఆ బండి నాకే వస్తుందని నాకు అనుమానమే లేదు. గుట్ట నాదైతే గుట్టకి వచ్చే బండీ నాదే కదా.

నాకు రెండో బండి నచ్చింది. వెనక గొట్టానికి వెడల్పు నోళ్ళ నాజిళ్ళు, తిప్పగానే తుంపర విసనకర్రలా పరుచుకుని సిమెంటు నేలంతా ఒక్క మచ్చ లేకుండా తడిసిపోయింది. "అదీ చల్లడమంటే!" అన్నాను గట్టిగా.

ఆర్డిస్ మాత్రం మూడో బండి కిందికి దూరింది. కాళ్ళు మాత్రం బయటికి కనపడుతున్నాయి. లోపల్నుంచే ప్రశ్నలు. "ట్యాంకులో అడ్డుపలకలున్నాయా?"

"ఉన్నాయండీ, మూడు," అన్నాడు కంపెనీ అతను.

"బతికించావు. పాల ట్యాంకులో ఉండవు బాబూ, కడగడానికి వీలు కాదని. బ్రేకు తొక్కితే పాలన్నీ ముందుకొచ్చి వీపు మీద గుద్దుతాయి. పందొమ్మిదేళ్ళు గుద్దించుకున్నా, ఇక చాలు. పంపు బండి వేగాన్ని బట్టి దానంతటదే తగ్గుతుందా, లేక మలుపు దగ్గర నేను నెమ్మదిస్తే అక్కడ చెరువు చేసిపెడుతుందా?"

"తగ్గుతుందండీ. చక్రం తిరిగిన లెక్కనే పోస్తుంది."

"అట్టడుగున ఖాళీ చేసే కుళాయి ఎక్కడ? ఇదా? చేతి తొడుగు తీయకుండా తిప్పచ్చు, బాగుంది."

ఆ బండికి సన్నటి ధారలు పడే నాజిళ్ళు. నేల మీద పన్నెండు గీతలు పడ్డాయి, మధ్యలో జానెడు జానెడు పొడిగా ఉండిపోయింది. నేను నవ్వాను. "సగం రోడ్డు వదిలేసింది. దువ్వెనతో తల దువ్వినట్టుంది."

ఆర్డిస్ బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంది. "ఆ వదిలేసిందే కావాలి హార్లన్. నీళ్ళు చల్లిన గంటకి మంచు పడకపోతే ఏం చేస్తావు? రోడ్డంతా తడిపేస్తే టైరు దేన్ని పట్టుకుంటుంది? నీ మీసాన్నా?"

అందరూ పగలబడి నవ్వారు. రోలాండ్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. మీసం నాకొక్కడికే ఉంది.

మూడో బండే కొన్నారు. నచ్చకపోతే డిసెంబరు ఒకటి లోపు వెనక్కి పంపేయచ్చని కంపెనీతో మాట. అక్టోబరులో రోలాండ్ పిలిచి, నా మొహంలోకి చూడకుండా, గోడమీది పటంలోకి చూస్తూ చెప్పాడు. "బండి ఆర్డిస్‌కి ఇస్తున్నాంరా. నీళ్ళ బరువు తోలడం అందరికీ రాదు. బండితో పాటు క్రీమరీ గుట్ట కూడా. ఈ నవంబరు దాకా చూద్దాం."

"బండి వెనక్కి పోతే?"

"పోతే గుట్ట నీదే. ఇంకెవరిదవుతుంది?"

ఆ మాటొక్కటి మనసులో పెట్టుకున్నాను. డిసెంబరు ఒకటి లోపు ఆ బండి తప్పు చేయాలి. అంతే.

అది తప్పు చేస్తే కదా. మంచు వస్తుందని కబురొచ్చిన ప్రతిసారీ ఆర్డిస్ పొద్దున్నే ఉప్పునీళ్ళలో గాజు బుడ్డి తేలేసి చిక్కదనం చూసేది. నూటికి ఇరవై మూడు పాళ్ళు ఉప్పు. ఒక్క పాలు అటూ ఇటూ అయినా మళ్ళీ కలిపేది. తర్వాత గుట్ట మీద స్కేలు పెట్టి గీసినట్టు తెల్లటి గీతలు, మలుపు దగ్గర కూడా వంపు తిరిగి, ఒకదాన్నొకటి తాకకుండా. పని అవగానే ఎంత ఆకలేసినా ముందు గొట్టాలన్నీ మంచినీళ్ళతో కడిగేది. పాలవాళ్ళ అలవాటు. ఒక్కరోజు వదిలితే విరిగి గడ్డకడుతుందని భయం.

జనానికి మంచు తోయడం కనపడదు, పొద్దున్నే నల్లటి రోడ్డు కనపడుతుంది అంతే. కానీ ఈ గీతలు పట్టపగలు కనపడతాయి. శుక్రవారం చేపల వేపుడు తినడానికి క్లబ్బుకి వెళితే పక్క బల్ల వాళ్ళు గీతల గురించే.

"చూశారా ఎంత తిన్నగా ఉన్నాయో! ఆడమనిషి చేతి పని వేరే."

నా భార్య లవోన్ కూడా క్యాబేజీ పచ్చడి వడ్డించుకుంటూ, "నిజమే, మా అమ్మ కుట్టు మిషను మీద కుట్టినట్టున్నాయి" అంది.

"నేను ఇరవయ్యేడేళ్ళు చల్లిన ఉప్పు గురించి ఒక్కనాడైనా అన్నావా అట్లా?"

"ఉప్పు గురించి ఏమంటారు? కారు తుప్పు పట్టిందని అన్నాను కదా."

నవంబరు మొదటివారంలో ఒకరోజు ఇంటికి పోతూ, దగ్గరిదారి కాకపోయినా, గుట్ట మీదుగా వెళ్ళాను. వేలు పెట్టి లెక్కపెట్టాను. పదకొండే గీతలు. ఒకటి లేదు! పండగ చేసుకున్నాను. చీజ్ నీళ్ళలో పెరుగుముక్క ఏదో నాజిల్లో అడ్డం పడి ఉంటుంది. మర్నాడు షెడ్డులో అందరికీ వినపడేలా, "ఏం ఆర్డిస్, దువ్వెనకి పన్ను ఊడినట్టుందే?" అన్నాను.

ఆవిడ తలెత్తకుండా, "నిన్న సాయంత్రమే కడిగేశా. జల్లెడ గుడ్డ ఇంకొకటి వేశా. నువ్వు రోడ్డు మీద గీతలు లెక్కపెట్టుకుంటూ తిరుగుతున్నావా? ఇంటి దగ్గర పని లేదా ఏంటి?" అంది.

మళ్ళీ అందరూ నవ్వారు. ఆ నవ్వులు నాకు లోపల ఎక్కడో పేరుకున్నాయి.

మా దగ్గర నవంబరు మూడోవారంలో తుపాకితో దుప్పుల వేట మొదలయ్యే శనివారమంటే ఊళ్ళన్నీ నారింజ రంగు కోట్లు వేసుకుని అడవిలోకి పోతాయి. ఆర్డిస్ కూడా పోతుంది, తండ్రి తుపాకీ పట్టుకుని. ఆదివారం మంచు వస్తుందని కబురు. శుక్రవారం ఆవిడ నా దగ్గరికే వచ్చింది.

"హార్లన్, రేపు నువ్వు వేటకి పోవట్లేదు కదా?"

"మోకాలు బాగాలేదు."

"అయితే గుట్ట మీద నువ్వే చల్లు. నీకంటే బాగా ఆ గుట్ట తెలిసిన వాళ్ళు లేరు. ట్యాంకులో ఉప్పునీళ్ళు కలిపి పెట్టా. మధ్యాహ్నం తోలితే చాలు. ఇంకేమీ మార్చకు, సరేనా? ధార నాజిళ్ళే ఉండనీ."

"నాకు చెబుతున్నావా?"

"చెబుతున్నా," అని వెళ్ళిపోయింది.

ఆ "ఇంకేమీ మార్చకు" అనే మాట నన్ను కాల్చేసింది. శనివారం షెడ్డులో రోలాండ్ ఒక్కడే, ఆఫీసు గదిలో రేడియో దగ్గర. బండితో పాటు వచ్చిన పెట్టెలో వెడల్పు నోళ్ళ నాజిళ్ళు కొత్తవి అలాగే ఉన్నాయి. మూలన నల్లటి పీపాలో మెగ్నీషియం ద్రావకం ఉంది. మరీ గడ్డకట్టే చలి రోజుల్లో పొడి ఉప్పు మీద కాస్త పోస్తాం, ఉప్పునీళ్ళ కంటే చాలా ఘాటు. నేను ఉప్పు మనిషిని. ఉప్పు మనిషికి ఒకటే లెక్క: అనుమానంగా ఉంటే ఇంకో పార వెయ్యి. ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతేనే భయం. ఆవిడ ఉప్పునీళ్ళు పక్క ట్యాంకులోకి దింపేశాను. మెగ్నీషియం ఎక్కించాను. నాజిళ్ళు మార్చాను. పంపుని రెట్టింపు మీద పెట్టాను. రేపు మంచు పడ్డాక అందరి రోడ్లూ తెల్లగా ఉండి, నా గుట్టొక్కటే నల్లగా మెరవాలి. ఎవరు చల్లారని జనం అడగాలి.

మెరిసింది. దిగే వైపు చల్లుతూ దిగాను, ఫ్యాక్టరీ ముందు బండి తిప్పి, ఎక్కే వైపు చల్లుతూ ఎక్కాను. అద్దంలో చూసుకుంటే రోడ్డు కొత్త బూటులా నిగనిగ. పైకెళ్ళాక ఆశ తీరక, ఒకసారి కింద నుంచి చూద్దామని మళ్ళీ దిగాను. దిగేటప్పుడే స్టీరింగు కాస్త తేలికగా అనిపించింది. పట్టించుకోలేదు.

మళ్ళీ ఎక్కుతుంటే మూడో మలుపు దగ్గర వెనక చక్రాలు ఊరికే తిరిగాయి. బండి ఆగింది. ఆ తర్వాత మెల్లగా, ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు, వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కాను. సగం ఖాళీ అయిన ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ ఊగి బండిని పక్కకి తోశాయి. రోడ్డుకి అడ్డంగా, రెండు వైపులూ మూసేసి ఆగింది. వెనక చక్రం కాలవ అంచు మీద.

దిగాను. దిగీ దిగగానే కాళ్ళు రెండూ గాల్లోకి లేచి, రోడ్డు మీద చతికిలబడ్డాను. చేత్తో తాకి చూశాను. మంచు లేదు, ఐసు లేదు. చలి కూడా సున్నాకి నాలుగైదు డిగ్రీలు పైనే. కానీ గాలి నిండా తేమ. నెల రోజులుగా వాన లేక రోడ్డు మీద టైర్ల మురికి, నూనె. మెగ్నీషియం ఆ తేమంతా లాక్కుని, ఆ మురికితో కలిసి, రోడ్డంతా సబ్బు రాసినట్టు చేసింది. టైరుకి పట్టు దొరికే పొడి చోటు బెత్తెడు కూడా నేను వదల్లేదు.

టైము పన్నెండున్నర. ఒంటిగంటకి నిండు ట్యాంకరు పాలతో దిగుతుంది.

పాక్కుంటూ బండెక్కి రేడియో తీశాను. "రోలాండ్, గుట్ట మూసెయ్. మూడో మలుపులో అడ్డంగా ఉన్నా. రోడ్డంతా జారుడు."

"అయ్యో, నీకేం కాలేదు కదా? ట్యాంకరు వాడికి ఇప్పుడే ఫోన్ చేస్తా, పైన ఆగుతాడు. ఏమైందిరా? బండి లీకైందా?"

ఆ మాట నేను అడగలేదు. వాడే చేతికందించాడు. ఇంకో పదిరోజులు డిసెంబరుకి.

"ఆ," అన్నాను. "లీకైనట్టుంది."

"నాకు ముందు నుంచీ ఆ గొట్టాల మీద అనుమానమే. సోమవారం కంపెనీ వాణ్ణి పిలిచి పట్టుకుపొమ్మంటా. నీ గుట్ట నువ్వే ఏలుకో. సరే, పోయింది ఉప్పునీళ్ళే కదా? పొడి ఉప్పు బండి పంపిస్తున్నా, పైనుంచి దట్టంగా పోసుకుంటూ దిగుతాడు."

నా గుట్ట. చెవిలో ఎంత బాగుందో చెప్పలేను. కానీ ఆ జిగట మీద ఉప్పు పోస్తే ఇంకా నీరు ఊరుతుంది. పైగా ఆ ఉప్పు బండి తోలేవాడు మెగ్నీషియం ఉందని తెలియక మొదటి మలుపు దిగుతాడు. దిగితే ఆగడు. వచ్చి నా మీదే పడతాడు, లేదా వంతెన మీద నుంచి వాగులోకి.

"ఉప్పొద్దు. ఇసక పంపు. ముందుకి తోలుతూ కాదు, వెనక్కి నడుపుతూ, ఇసక చల్లుకుంటూ ఆ ఇసక మీదే దిగమను. నీళ్ళ ట్యాంకు కూడా, కడగడానికి."

"ఉప్పునీళ్ళకి ఇసకెందుకురా? మతి పోయిందా?"

మా ఊళ్ళో సగం ఇళ్ళల్లో ఈ రేడియో వింటారు. ముసలాళ్ళకి అదే కాలక్షేపం. రోడ్ల మీదున్న మా బళ్ళవాళ్ళు సరేసరి. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారని తర్వాత తెలిసింది.

"లీకేం కాలేదు రోలాండ్. ఉప్పునీళ్ళు కాదు, మెగ్నీషియం ఎక్కించా. వెడల్పు నాజిళ్ళు పెట్టా. రెట్టింపు పోశా. ఆర్డిస్ ఏదీ మార్చొద్దంది. అంతా నేనే మార్చా. బండిలో ఏ తప్పూ లేదు."

తర్వాత రోలాండ్, "ఇసక వస్తోంది. అక్కడే కూర్చో. ఏదీ ముట్టుకోకు," అన్నాడు.

మూడు గంటలకల్లా కడిగి, ఇసక పోసి, రోడ్డు తెరిచారు. ఆదివారం జానెడు మంచు పడింది. గుట్ట మీదికి ఆర్డిస్‌ని పిలిచారు, కొట్టిన దుప్పిని కారు షెడ్డులో వేలాడదీసి పరుగున వచ్చిందట. నన్ను జిల్లా చివర మొక్కజొన్న పొలాల మధ్య రోడ్డుకి పంపారు.

సోమవారం పొద్దున్న షెడ్డులోకి అడుగుపెట్టేసరికి ఆర్డిస్ ఆ బండి పక్కన నాజిళ్ళు ఊడదీస్తోంది. తిడుతుందనుకుని సిద్ధపడే వెళ్ళాను. ఆవిడ మొహం ఎర్రగా ఉంది.

"గొట్టాలు కడిగావా?"

"ఏంటి?"

"మెగ్నీషియం పోశావు కదా మహానుభావా. పోసి, రోడ్డుకి అడ్డంగా పడి, ఊరందరి చేతా కడిగించుకున్నావు. గొట్టాలు కడిగావా అని అడుగుతున్నా. రెండు రోజులు లోపల ఊరింది. పంపు బిళ్ళ చూడు ఎలా అయిందో!"

"కడగలేదు."

"బకెట్ పట్టు."

పట్టాను. గంటన్నర ఇద్దరం కడిగాం. చివరి నాజిల్ బిగించాక ఆవిడ, "ఎక్కు" అంది.

"ఎక్కడికి?"

"గుట్టకి. రోలాండ్ దాన్ని నాకే రాసేశాడు. కానీ నాకు దాని మలుపులు తెలుసు, లోగుట్టు తెలీదు. నిన్న రెండో మలుపులో ఒకచోట కిందనుంచి తడి ఊరుతోంది, ఎందుకో అర్థం కాలేదు. నీకు తెలుసు కదా?"

తెలుసు. అక్కడ ఊట ఉంది. ఎక్కాను. చెప్పాను. మొదటి మలుపులో పది గంటల దాకా చెట్ల నీడ పోదని చెప్పాను. వంతెన అతుకు రెండో వైపే ముందు గడ్డకడుతుందని చెప్పాను. ఆవిడ ప్రతిచోటా బండాపి, దిగి, అంచున నారింజ రంగు చల్లి గుర్తు పెట్టింది. ఒక్కోటీ చెబుతుంటే జేబులోంచి ఒక్కోటీ తీసి ఇచ్చేస్తున్నట్టే ఉంది. ఆవిడ గబగబా తీసేసుకుంటోంది, మొహమాటం కూడా లేకుండా.

ఫ్యాక్టరీ గోడ దగ్గరికి వచ్చాం. ఇక్కడొకటుంది. అదెవరికీ తెలీదు, రోలాండ్‌కి కూడా. చెప్పకపోతే ఇదొక్కటైనా నాది. నోరు మూసుకుని కిటికీలోంచి చూశాను.

ఆర్డిస్ బండి నెమ్మది చేసింది. "ఏంటి, అలా అయిపోయావు? ఇక్కడేమైనా ఉందా?"

"ఏం లేదు" అని నాలుక చివరి దాకా వచ్చింది. కిందికి దిగుతున్న స్కూలు బస్సు ఒకటి అద్దంలో కనపడింది. వెనక మెల్లగా, మేం కదలాలని ఎదురుచూస్తోంది.

"ఆ గోడలో కన్నం చూడు," అన్నాను. "పొద్దున ఆరింటికి చీజ్ తొట్లు వేడి చేస్తారు. ఆవిరి దాన్లోంచి రోడ్డు మీదికొస్తుంది. గాలి పడమట నుంచి ఉన్న రోజు ఇక్కడ రెండు గజాల మేర గడ్డకడుతుంది, మిగతా రోడ్డంతా పొడిగా ఉన్నా సరే. ఏడేళ్ళు పట్టింది నాకు కనిపెట్టడానికి."

"ఆవిరా!" ఆర్డిస్ కళ్ళు విప్పార్చుకుని గోడవైపు చూసింది. చక్కెర ముక్క దొరికిన పిల్లలా నవ్వింది. "పందొమ్మిదేళ్ళు ఈ గోడ పక్కనే పాలు దింపా. ఒక్కనాడూ తోచలేదు చూశావా! ఇంకా ఉన్నాయా?"

"లేవు. అయిపోయాయి."

"నిజంగా?"

"నిజంగా."

ఆవిడ దిగి గోడ దగ్గర పెద్ద గుర్తు పెట్టి వచ్చింది. నన్ను షెడ్డు దగ్గర దింపి, ట్యాంకు నింపుకుని, మళ్ళీ గుట్టవైపే పోయింది. చలికాలమంతా ఇంకా ముందే ఉంది. నేను నా బండెక్కి మొక్కజొన్న పొలాల రోడ్డు పట్టాను. తొమ్మిది మైళ్ళు. ఒక్క మలుపు లేదు.